పని ఎక్కడ ఆగాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల పరిశ్రమల్లో ప్రామాణిక విధానాల తీరు

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందన్న వార్త రాగానే కృష్ణపట్నం రేవులో ఎన్నో నెంబరు ప్రమాద సూచిక ఎగరేశారని నెల్లూరు తీరంలో వాకబు మొదలవుతుంది. ఒకటి నుంచి పదకొండు వరకు ఉండే ఆ అంకెలు భారతదేశపు రేవుల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న సంకేత క్రమానికి చెందినవి. ఒకటి, రెండు నెంబర్లు తుపాను దూరాన సముద్రంలో ఉందని చెబుతాయి. మూడు, నాలుగు నెంబర్లు రేవు ప్రాంతానికే ముప్పు ఉండవచ్చని చెబుతాయి. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదాన్ని, ఎనిమిది నుంచి పది వరకు పెను ప్రమాదాన్ని తెలుపుతాయి. పదకొండోది మాత్రం గాలి వేగాన్ని గురించి గాని, తుపాను దిశను గురించి గాని ఏమీ చెప్పదు. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, ముప్పు ఉందని స్థానిక అధికారి భావిస్తున్నారని మాత్రమే దాని అర్థం.

ఈ పదకొండో సూచికను రూపొందించినవారు ఒక సంగతిని ముందే గ్రహించారు. అసలు విపత్తు వచ్చే గడియలో సమాచారం అందకపోవచ్చు. అందకపోవడాన్ని కూడా ఒక ప్రమాద స్థితిగా లెక్కగట్టి, అప్పుడు నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందే రాసిపెట్టాలి. కర్మాగారాల్లో, క్వారీల్లో, రొయ్యల ప్లాంట్లలో భద్రత, ఆరోగ్యం, పర్యావరణం పేరిట తయారయ్యే ప్రామాణిక కార్యవిధానాల్లో, అంటే అందరూ ఎస్‌ఓపీలని పిలిచే పత్రాల్లో, చాలా తరచుగా లోపించేది సరిగ్గా ఇదే. పని ఎలా మొదలుపెట్టాలో, ఏ వరుసలో చేయాలో వాటిలో వివరంగా ఉంటుంది. ఏ స్థితిలో ఆపాలో, ఆపమనే అధికారం ఎవరిదో, ఆపినందువల్ల కలిగే నష్టాన్ని ఎవరు భరిస్తారో మాత్రం ఉండదు. ఈ రెండు జిల్లాల పరిశ్రమలను దృష్టిలో పెట్టుకుని పరిశీలిస్తే, ఆ ఖాళీ ఎంత ప్రమాదకరమో ఒక్కొక్క చోట ఒక్కొక్క రీతిలో బయటపడుతుంది.

విధాన పత్రం ఎలా పుట్టాలన్న విషయంలో నిపుణుల మధ్య పెద్దగా భేదాభిప్రాయం లేదు. ముందుగా పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టాలి. ప్రతి అంచెలోనూ హాని చేయగల మూలం ఏమిటో గుర్తించాలి. ఆ హాని జరిగే అవకాశం ఎంత, జరిగితే తీవ్రత ఎంత అన్నది అంచనా కట్టాలి. ఆ తర్వాతే నివారణ చర్యలు. వాటికి కూడా ఒక వరుస ఉంది: హానికర మూలాన్ని పూర్తిగా తొలగించడం అన్నిటికన్నా మేలు, అది కుదరకపోతే తక్కువ హాని చేసే దానితో మార్చడం, అదీ కుదరకపోతే యంత్రపరమైన అడ్డుకట్టలు, ఆపైన పని వేళలు, శిక్షణ, హెచ్చరిక బోర్డుల వంటి పాలనా చర్యలు, అన్నిటికన్నా చివర హెల్మెట్టు, మాస్కు, చేతి తొడుగులు. పని స్థలాల భద్రత, ఆరోగ్యం కోసం 2018లో వెలువడిన ఐఎస్‌ఓ 45001 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ వరుసనే పాటించమంటుంది.

ఆచరణలో ఈ వరుస తలకిందులవుతోంది. మాస్కుతో మొదలై మాస్కుతోనే ముగిసే పత్రాలు ఎక్కువ, ఎందుకంటే మాస్కు కొనడం సులభం, యంత్రాన్ని మార్చడం ఖర్చు. పైగా ఆ పత్రం చాలాసార్లు ఆ పని చేసే చోట పుట్టదు. ఏదో ఒక ప్లాంటుకు సలహాదారు రాసి ఇచ్చిన ప్రతిలో పేరు మార్చి మరో ప్లాంటుకు ఇవ్వడం, తనిఖీ రోజున ఫైలు చూపడం, మిగతా రోజుల్లో దాన్ని బీరువాలో ఉంచడం అలవాటుగా మారిన చోట, అందులో ఎన్ని పేజీలున్నా కంప్రెసర్ రూములో రాత్రి షిఫ్టు చేసేవాడికి అవి ఉపయోగపడవు. రాసేటప్పుడు ఆ పని చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోని పత్రం ఆ పనికి సంబంధించినది కానేకాదని గట్టిగా చెప్పవలసి ఉంటుంది.

తీర ప్రాంతంలోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లను, ఐస్ ఫ్యాక్టరీలను తీసుకుంటే, అక్కడ శీతలీకరణకు ఎక్కువగా వాడేది అమ్మోనియా. అది చౌక, చల్లదనాన్ని బాగా మోస్తుంది, ఓజోన్ పొరకు హాని చేయదు. కానీ దాని స్వభావం కఠినమైనది. సాధారణ పీడనం వద్ద మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి వాయువైపోతుంది; ద్రవం వాయువుగా మారేటప్పుడు దాని పరిమాణం సుమారు 850 రెట్లు పెరుగుతుంది. ఎనిమిది గంటల పనికి గాలిలో పది లక్షల వంతుల్లో 25 వంతులు, కొద్ది నిమిషాల పాటైతే 35 వంతులు మించకూడదన్నది పని స్థలాల పరిమితి. 300 వంతులకు చేరితే ప్రాణాపాయం. గాలిలో దాదాపు 15 నుంచి 28 శాతం వరకు ఉంటే నిప్పు తగిలి పేలగలదు కూడా. అమ్మోనియా వాయువు గాలికన్నా తేలికైనది కాబట్టి పైకి పోతుందని పుస్తకాల్లో చదివినవారు పొరబడేది ఇక్కడే: పీడనంతో ద్రవంగా చిమ్మినప్పుడు అది తేమను పట్టుకుని తెల్లటి చల్లని మంచులా మారి నేలబారున పాకుతుంది.

ఇలాంటి వ్యవస్థలో ప్రమాదం ఎక్కువగా పెద్ద పైపు పగలడం వల్ల వస్తుందని బయటివారు అనుకుంటారు. అనుభవమున్న ఆపరేటర్లు మాత్రం ఆయిల్ తీసే పనిని చూపిస్తారు. కంప్రెసర్‌లోని కందెన నూనె కొద్దికొద్దిగా అమ్మోనియాతో కలిసి ప్రయాణించి, ద్రవ అమ్మోనియాకన్నా బరువు కావడంతో పాత్రల అడుగున చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడు కింది వాల్వు ద్వారా తీయాలి. చల్లదనానికి నూనె చిక్కబడి వాల్వు నోటికి అడ్డం పడుతుంది. ఏమీ రావడం లేదని ఆపరేటరు వాల్వును మరింత తిప్పుతాడు. అడ్డు ఒక్కసారిగా తొలగి నూనె వెనుక ఉన్న ద్రవ అమ్మోనియా చిమ్ముకొస్తుంది. ఆ క్షణాన వాల్వును మూయడానికి దగ్గరకు వెళ్లే వీలుండదు. ఈ ఒక్క పనికి మంచి విధానం ఎలా ఉండాలో ఆలోచిస్తే, మొత్తం వాదన అందులోనే కనిపిస్తుంది. చెయ్యి తీయగానే తనంతట తాను మూసుకునే స్ప్రింగ్ వాల్వును అదనంగా బిగించడం యంత్రపరమైన అడ్డుకట్ట. ఇద్దరు లేకుండా ఆయిల్ తీయకూడదన్నది, తీసేటప్పుడు మధ్యలో వాల్వు వదిలి వెళ్లకూడదన్నది పాలనా నియమం. నూనె రాకపోతే వాల్వును ఇంకా తెరవకూడదు, మూసి పని ఆపి సూపర్‌వైజరుకు చెప్పాలన్నది ఆగవలసిన చోటు. మొదటి రెండూ కొన్ని పత్రాల్లో ఉంటాయి. ఆపరేటరు ప్రాణాన్ని నిజంగా కాపాడే మూడో వాక్యం అరుదుగా కనిపిస్తుంది.

లీకు జరిగాక ఎటు పరుగెత్తాలన్నది మరో పెద్ద విషయం. గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా నడిచి, ఆపైన గాలికి ఎదురు వైపు చేరాలని ప్రతి పత్రమూ చెబుతుంది. అయితే నెల్లూరు తీరంలో గాలి రోజంతా ఒకే దిక్కున వీయదు. సాధారణంగా మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల చల్లబడి గాలి భూమి మీది నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. ఎండాకాలంలో పడమటి వడగాడ్పు పగటిపూట కూడా లెక్కను మార్చేస్తుంది. గేటు దగ్గర ఒకే ఒక చోట కలుసుకోవాలని బోర్డు పెట్టిన ప్లాంటులో, సగం వేళల్లో ఆ బోర్డు కార్మికులను వాయువు దారిలోకే పంపుతుంది. అందువల్ల కనీసం రెండు ఎదురెదురు దిక్కుల్లో కలుసుకునే స్థలాలు ఉండాలి. ఏది ఎంచుకోవాలో చెప్పడానికి ప్లాంటులో ఎక్కడ నిలబడినా కనబడేటట్టు గాలి దిక్కును చూపే గుడ్డ గొట్టం ఎగరాలి, రాత్రి దాని మీద దీపం పడాలి. రొయ్యలు ఒలిచే హాళ్లలో ఎక్కువగా స్త్రీలు పనిచేస్తారు. పరిశుభ్రత కోసం, చల్లదనం కోసం తలుపులు మూసి ఉంచుతారు. ఆ తలుపులు లోపలి నుంచి తోయగానే తెరుచుకోవాలి. తాళం వేసిన అత్యవసర ద్వారం లేని ద్వారంతో సమానమని రాయడం కూడా అనవసరమనిపిస్తుంది, కానీ రాయవలసే వస్తోంది. ప్రహరీ ఆవల ఉన్న ఊరికి సైరన్ అర్థం ఏమిటో ముందే చెప్పి ఉండకపోతే, ఆ శబ్దం విని ఏం జరిగిందో చూడటానికి జనం ప్లాంటు వైపే వస్తారు.

అదే ప్లాంట్ల వెనుక వ్యర్థజలాల శుద్ధి తొట్లు ఉంటాయి. రొయ్యల తలలు, తొక్కలు, మాంసపు తునకలు కలిసిన నీరు గాలి తగలకుండా నిలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అంటే అందరికీ తెలుసు. తెలియవలసింది ఏమంటే, మోతాదు పెరిగి పది లక్షల్లో 100 వంతుల దరిదాపులకు చేరినప్పుడు ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయిందని ప్రమాదం తగ్గిందనుకోవడం ప్రాణాంతకం. ఈ వాయువు గాలికన్నా బరువు, అడుగునే ఉంటుంది. మొదట దిగినవాడు పడిపోతే, వాడిని పైకి తీయాలని రెండోవాడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు దిగడం మన దగ్గర సెప్టిక్ ట్యాంకుల వార్తల్లో కూడా మళ్లీ మళ్లీ కనిపించే క్రమం. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లో పరిశీలించిన మేరకు ఇలాంటి ఇరుకు చోట్ల మరణించినవారిలో 60 శాతానికి పైగా రక్షించబోయినవారే. తోటివాడు కళ్లముందు పడిపోతే దూకకుండా ఆగమని చెప్పడం మానవ స్వభావానికి ఎదురు వెళ్లడమే. అందుకే ఆ ఆగడాన్ని సాధ్యం చేసే ఏర్పాటు పనికి ముందే జరగాలి: దిగేవాడి ఒంటికి పట్టీ, దానికి తాడు, పైన మూడు కాళ్ల స్టాండు మీద చేతి మరతో లాగే అమరిక, తొట్టి అంచున ఆ పనికే కేటాయించిన ఒక మనిషి. తొట్టిలోని గాలిలో ప్రాణవాయువు 19.5 శాతంకన్నా తగ్గినా, దాన్ని కొలిచే మీటరు పనిచేయకపోయినా దిగకూడదు. మీటరు పనిచేయని స్థితికి కూడా నియమం ఉండటం, రేవులోని పదకొండో నెంబరు వంటిదే.

ప్రకాశం జిల్లాకు వస్తే చీమకుర్తి నల్లరాతి క్వారీలు వేరే పాఠం చెబుతాయి. ఇక్కడ రాయిని పొడి చేయరు, పగుళ్లు లేని పెద్ద దిమ్మెలుగా కోసి తీస్తారు. లోతు పెరిగేకొద్దీ గోడలు మెట్లుమెట్లుగా, అంటే బెంచీలుగా, ఉండాలి. 1961 నాటి మెటల్లిఫెరస్ గనుల నిబంధనల ప్రకారం మట్టి, గ్రావెల్ వంటి వదులు నేలలో బెంచీ ఎత్తు 1.5 మీటర్లు, గట్టి రాతిలో 6 మీటర్లు మించకూడదు. అంతకు మించి కావాలంటే గనుల భద్రతా విభాగం అనుమతితో, ఆ అనుమతిలోని షరతులకు లోబడి చేయాలి. ఈ అంకెలు ఊరికే పుట్టలేదు. పై నుంచి జారే రాయి కింది బెంచీ మీద ఆగాలంటే దానికి తగినంత వెడల్పు కావాలి. తూర్పు తీరంలో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, పడతాయి. వాననీరు రాతి పగుళ్లలో చేరి ఒత్తిడి పెంచుతుంది, పైనున్న మట్టి కట్టను మెత్తబరుస్తుంది. రాయి మాత్రం వాన పడుతున్నప్పుడే జారాలని లేదు. మరునాడు ఎండ కాసి, అందరూ ఊపిరి పీల్చుకుని పనిలోకి దిగాక కూడా జారవచ్చు. కాబట్టి భారీ వాన తర్వాత పని మొదలుకావడానికి ఫలానా వారు అంచులు నడిచి చూసి సంతకం చేయాలన్న నియమం ఉండాలి. ఆ సంతకం లేనిదే పొక్లెయిన్ తాళంచెవి ఇవ్వకూడదన్న నియమం కూడా పక్కనే ఉండాలి. రెండోది లేకపోతే మొదటిది వట్టి సంతకమే.

దిమ్మెలను కోసే వజ్రపు తీగ రంపం గురించి ఒక్క మాట. సెకనుకు 20 మీటర్లకు పైగా వేగంతో తిరిగే ఆ తీగ తెగితే, దాని మీది పూసలు తూటాల్లా ఎగురుతాయి. తీగ తిరిగే రేఖలో ఎవరూ నిలబడకూడదన్న నియమాన్ని కార్మికుల జ్ఞాపకశక్తికి వదలకుండా, అడ్డంగా రబ్బరు తెరలు కట్టి, తాడుతో సరిహద్దు గీయాలి.

దుమ్ము విషయానికి వస్తే, నకలు కొట్టిన పత్రాల వల్ల కలిగే నష్టం ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అని పిలిచే చీమకుర్తి రాయి భూగర్భశాస్త్రం ప్రకారం గ్రానైటే కాదు, గాబ్రో జాతికి చెందినది. అందులోని బంగారు మెరుపులు ఒక పైరాక్సీన్ ఖనిజం వల్ల వచ్చినవి. అసలైన గ్రానైట్‌లో స్ఫటిక రూపంలోని సిలికా, అంటే క్వార్ట్జ్, గణనీయంగా ఉంటుంది. గాబ్రోలో చాలా తక్కువ. ఊపిరితిత్తులను రాయిలా గట్టిపరిచే సిలికోసిస్‌కు కారణం ఆ క్వార్ట్జే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న కర్మాగారాల చట్టంలోని సూత్రం ప్రకారం, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లగల దుమ్ము ఘనపు మీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉండవచ్చో తెలుసుకోవడానికి, ఆ దుమ్ములోని క్వార్ట్జ్ శాతానికి రెండు కలిపి, పదిని ఆ మొత్తంతో భాగించాలి. క్వార్ట్జ్ 8 శాతం ఉంటే పరిమితి ఒక మిల్లీగ్రాము. 98 శాతం ఉంటే మిల్లీగ్రాములో పదో వంతు. అంటే చీమకుర్తి నల్లరాయిని మాత్రమే కోసే యూనిట్‌కు రాసిన దుమ్ము నియమాన్ని, ఇతర రంగుల గ్రానైట్‌ను కూడా కోసే గుండ్లాపల్లి పాలిషింగ్ యూనిట్‌కు గాని, నెల్లూరు జిల్లా సైదాపురం ప్రాంతంలో అభ్రకంతో పాటు దొరికే తెల్లరాయిని, అంటే దాదాపు శుద్ధమైన క్వార్ట్జ్‌ను, పొడి చేసే మిల్లుకు గాని అతికిస్తే, కార్మికులు ఎన్నో రెట్లు ప్రమాదకరమైన గాలిని నిబంధనల ప్రకారమే పీలుస్తారు. ఒకప్పుడు దేశమంతటా పిల్లల చేతుల్లోకి పలకలు పంపిన మార్కాపురం పలకరాయి కూడా సిలికా ఉన్నదే.

సిలికోసిస్‌కు మందు లేదు. క్షయ సోకే అవకాశాన్ని పెంచుతుంది కాబట్టి చాలామందికి క్షయగానే ముద్రపడి అసలు కారణం మరుగున పడుతుంది. సాధారణంగా పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచాక గాని బయటపడదు. ఊపిరితిత్తుల లోతుకు చేరే రేణువులు కంటికి కనబడవు. కంటికి కనబడే దుమ్ము తగ్గిందని తృప్తిపడటానికి ఏ ఆధారమూ లేదు. అమ్మోనియా అయితే ముక్కు, కళ్లు తామే పారిపొమ్మంటాయి. సిలికా విషయంలో దేహం ఆ సహాయం చేయదు, అందుకే ఆగవలసిన చోటును అంకెతోనే చెప్పాలి: గాలి నమూనాలో పరిమితి దాటితే నీటి ధార లేకుండా రాయి మీద యంత్రం నడవకూడదు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారికి చేరేముందు, చేరాక 12 నెలలు మించకుండా, మానేశాక కూడా వైద్య పరీక్షలు జరగాలని కర్మాగారాల చట్టానికి 1987లో జరిగిన సవరణ చెప్పింది. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి రెండేళ్లు పనిచేసి మరో రాష్ట్రానికి వెళ్లిపోయే కార్మికుడి ఎక్స్‌రే ఇక్కడి ఫైలులోనే ఉండిపోతే ఆ పరీక్షకు అర్థం లేదు. ఫిల్ము, ఊపిరి పరీక్ష కాగితం అతని చేతికి ఇవ్వడం విధానంలో ఒక అంచెగా ఉండాలి, అతనికి అర్థమయ్యే భాషలో.

నీటి ధారతో కోస్తే దుమ్ము లేవదు, నిజమే. ఆ దుమ్మంతా బురదగా మారుతుంది. పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే ఆ తెల్లటి స్లరీని రోడ్డు పక్కన, వాగుల్లో, ఖాళీ స్థలాల్లో పారబోస్తే ఎండాకాలంలో ఆరి పిండవుతుంది, లారీ వెళ్లినప్పుడల్లా లేస్తుంది. షెడ్డు లోపల ఆరోగ్య సమస్యగా అణచివేసినది బయట పర్యావరణ సమస్యగా లేచి, బడికి వెళ్లే పిల్లల ఊపిరిలో మళ్లీ ఆరోగ్య సమస్యే అవుతుంది. భద్రతకు ఒక అధికారి, కాలుష్యానికి ఇంకొకరు, వైద్యానికి మరొకరు అని మూడు వేర్వేరు ఫైళ్లుగా నడిపే యాజమాన్యాలు ఈ చక్రాన్ని చూడలేవు. స్లరీ తొట్టి నిండితే కోత యంత్రాలు ఆగాలన్న ఒక్క వాక్యం మూడు ఫైళ్లలోనూ ఉండవలసినది.

ఇప్పుడు చట్టం వైపు చూద్దాం. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు తర్వాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో కర్మాగారాల చట్టానికి ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం వచ్చాయి. ఆ అధ్యాయంలోని 41హెచ్ సెక్షను ఆసన్న ప్రమాదం ఉందని కార్మికుడు యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును గుర్తించింది. యాజమాన్యం వెంటనే సరిదిద్దాలి, ప్రమాదం లేదని భావిస్తే ఇన్‌స్పెక్టరుకు నివేదించాలి, ఇన్‌స్పెక్టరు నిర్ణయమే తుది నిర్ణయం. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ప్రమాదాన్ని యజమాని దృష్టికి తెచ్చే హక్కును కొనసాగించింది. చెప్పే హక్కు ఉందన్నమాట. ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆ వాల్వు దగ్గర, ఆ రాతి గోడ కింద ఎవరుండాలన్న ప్రశ్నకు మాత్రం అందులో సూటి జవాబు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడిక, ప్రాణానికి ఆసన్నమైన ముప్పు ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి తప్పుకున్నవాడికి శిక్ష పడకూడదంటుంది. 2022లో ఆ ఒడంబడికను సంస్థ మౌలికమైన వాటిలో చేర్చింది. చట్టం సూటిగా చెప్పని ఆ భాగాన్ని ప్లాంటు తన సొంత విధానంలో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. మరో మార్పును కూడా గమనించాలి: కొత్త కోడ్‌లో విద్యుత్తుతో నడిచే కర్మాగారానికి కనీస కార్మికుల సంఖ్య పది నుంచి ఇరవైకి పెరిగింది. చిన్న పాలిషింగ్ షెడ్లలో కర్మాగారపు నియమాల పట్టు దీనివల్ల సడలుతుందన్న ఆందోళన న్యాయమైనదే.

విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది మరణించిన ఘటన మీద ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక, కాగితానికీ పనికీ మధ్య దూరాన్ని చదవగోరేవారికి మంచి పాఠ్యగ్రంథం. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడంలో, రసాయన చర్యను నిలువరించే పదార్థాన్ని తగినంత ఉంచడంలో లోపాలను కమిటీ ఎత్తిచూపింది. ప్రమాద సూచన ఇచ్చే సైరన్ ఏర్పాట్లు ఉండి కూడా ఆ వేళ మోగలేదని నమోదు చేసింది. సైరన్ కొనలేక కాదు, కొన్నారు. మోగించవలసిన క్షణం ఏదో, మోగించవలసిన చెయ్యి ఎవరిదో అనుమానానికి తావులేకుండా నిర్ణయమై ఉంటేనే కొన్న సైరన్ మోగుతుంది.

పని ఆపడానికి డబ్బుతో సంబంధం ఉంది, దీన్ని దాచి మాట్లాడటం వల్ల ప్రయోజనం లేదు. కిలో లెక్కన రొయ్యలు ఒలిచే స్త్రీకి, కోసిన దిమ్మెను బట్టి లెక్క కట్టే ముఠాకు, టన్నుల లెక్కన బిల్లు చేసుకునే కాంట్రాక్టరుకు ఆగిన ప్రతి గంటా నష్టమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో మధ్యాహ్నం క్వారీ గుంతలో రాతి గోడల మధ్య వేడి ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర వరకు పని ఆపాలని బోర్డు రాసి, కూలిని మాత్రం దిమ్మె లెక్కన ఇస్తే, ఆ బోర్డును కార్మికులే తీసి పక్కన పెడతారు, వారిని తప్పుపట్టలేము. భద్రతా కారణంతో ఆగిన గంటలకు సగటు కూలి చెల్లిస్తామన్న వాక్యం విధాన పత్రంలో, కాంట్రాక్టు ఒప్పందంలో రెండింటిలోనూ ఉన్నప్పుడే ఆపే అధికారం నిజమైన అధికారమవుతుంది. అలాగే పని ఆపినవాడి అనుమానం తర్వాత తప్పని తేలినా అతన్ని మందలించకూడదు. ఒక్కసారి మందలిస్తే ఆ షిఫ్టులో ఇక ఎవరూ చెయ్యెత్తరు.

వీటన్నిటికీ అవతల, కర్మాగారపు నిర్వచనంలోకి రాని పని స్థలం ఈ తీరంలో ఎకరాలకు ఎకరాలు పరుచుకుని ఉంది. వనామీ రకం రొయ్యల సాగు 2009లో అనుమతి పొందిన తర్వాత చెరువుల్లో ఏరేటర్ల, అంటే నీటికి గాలి పట్టించే మోటారు చక్రాల, వాడకం బాగా పెరిగింది. ఉప్పునీరు, తడి గట్టు, అతుకుల కేబుళ్లు, అర్ధరాత్రి ఆగిపోయే మోటారు: కరెంటు షాకుకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. ప్రాణవాయువు తగ్గితే తెల్లారేసరికి పంట పోతుందన్న భయంతో కాపలా మనిషి కరెంటు తీయకుండానే నీళ్లలోకి దిగుతాడు. ఇక్కడ యాభై పేజీల పత్రం అక్కర్లేదు. లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సరఫరాను తానే తెంచే బ్రేకరు ప్రతి చెరువు లైనుకూ ఉండాలి. దిగేవాడు మెయిన్ స్విచ్‌ను తానే తీసి, దానికి తన తాళం వేసి, తాళంచెవిని తన జేబులో ఉంచుకుని దిగాలి. పైకి వచ్చాక తానే తీయాలి. రెండో ఏరేటరు ఆగకుండా నడవాలంటే దానికి వేరే లైను ఉండాలి, అప్పుడే మొదటిదాన్ని ఆపడానికి అతను వెనుకాడడు. ఒక తాళం, ఒక బ్రేకరు, వేరే లైనుకు కేబులు: ఒక చెరువుకు ఒక పంటలో అయ్యే మేత ఖర్చు ముందు ఇవి లెక్కలోకి వచ్చేవి కావు.